నిద్దరాట

నీలమ్మ మూడో చాప తుడుస్తుండగా ఎడమ దవడలో నొప్పి మళ్లీ లాగింది. గుడ్డ వదలకుండానే ఆగింది. నాలుగుసార్లు ఊపిరి తీసుకుని మళ్లీ తుడిచింది.

మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉన్న ఆ సెంటర్‌కి ఆటిజం ఉన్న చిన్నపిల్లలు వస్తారు. ఆటలతోనే వాళ్లకి మనుషుల్ని అలవాటు చేస్తారు. నీలమ్మ అక్కడ ఆయా. యాభై రెండేళ్లు. మోకాళ్ల మీద నల్లటి కాయలు, ఫినాయిల్‌కి పగిలిన వేళ్లు. ఆరేళ్లుగా లింగంపల్లి నుంచి రెండు ఆటోలు మారి వచ్చి, అందరికంటే ముందు తాళం తీసేది ఆమే.

థెరపిస్టు స్వాతి చెప్పులు విప్పుతూ చూసింది. కర్నూలు పిల్ల.

"ఏమ్మా, మొగమంతా చెమటలు?"

"గ్యాసు. గోళీ ఏసుకున్న."

"ఆస్పత్రికి పోయి రాపో. నేను చూసుకుంటాలే."

"లోహిత్ వచ్చే యాళ్లకా? వాని ఆట అయినంక పోత."

లోహిత్‌కి మూడున్నరేళ్లు. అమ్మ పిలిచినా తల తిప్పడు. నాలుగు నెలలుగా వాడితో ఒకటే ఆట. నీలమ్మ చాప మీద తలగడ వేసుకుని పడుకుని కొంగు ముఖం మీద కప్పుకుంటుంది. కదలదు. వాడొచ్చి కొంగు లాగితేనే లేచి నవ్వుతుంది. ఇన్నాళ్లూ స్వాతి వాడి మోచెయ్యి పట్టుకుని నడిపించేది. ఇవాళ పట్టుకోదు. వాడంతట వాడు రావాలి.

రాయదుర్గంలో ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చింది వాడి తల్లి రసజ్ఞ.

"ఇవాళైనా వస్తాడంటారా, నీలమ్మగారూ?"

"వస్తడు. ఫికర్ చెయ్యకు బిడ్డా."

"అంతసేపు కదలకుండా ఎలా పడుకుంటారండీ?"

"మా అత్త పనికి లేపుతదని నేర్చుకున్న. సచ్చినట్టు పండితే యముడు గూడ పక్కింటికి పోతడు."

స్వాతి పకపకా నవ్వింది. నీలమ్మ కూడా నవ్వబోయి గోడ పట్టుకుంది. అప్పటికే స్వాతి, రసజ్ఞ గది బయట అద్దం వెనక్కి వెళ్లిపోయారు. అటు నుంచి లోపలంతా కనిపిస్తుంది. లోపలికి వాళ్లు కనిపించరు. అక్కడ ఒకటే నియమం. ఆట మొదలయ్యాక ఎవరూ తలుపు తియ్యకూడదు. చిన్న చప్పుడైతే చాలు, నెలల పని పోతుంది.

నీలమ్మ పడుకుంది. లోహిత్ మూలన కూర్చుని కారు చక్రం తిప్పుతున్నాడు.

మూడు నిమిషాలు. అయిదు. ఆమె కుడిచెయ్యి చాప మీద విచ్చుకుని, గట్టిగా ముడుచుకుంది.

"చెయ్యి కదిలింది," రసజ్ఞ అంది.

"వాణ్ణి పిలుస్తాంది మేడం. ఏం చేస్తాందో సూడండి, అవార్డు ఇయ్యాల."

చక్రం ఆగింది. లోహిత్ లేచాడు. ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లి కొంగు లాగాడు.

రసజ్ఞ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నీలమ్మ లేవలేదు. వాడు వంగి ఆమె కళ్లలోకి చూశాడు. ఎవరి కళ్లలోకీ చూడని పిల్లాడు అలాగే చూస్తూ ఉండిపోయాడు. చెంప మీద తట్టాడు. రసజ్ఞ తలుపు వైపు కదిలితే స్వాతి చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు మేడం. వాడితో ఇంకా చేయించాలని కావాలనే లేవడం లేదు."

వాడు బొమ్మల వంటగదిలోకి వెళ్లాడు. ఆకుపచ్చ కప్పు తెచ్చి ఆమె పెదాలకి ఆనించాడు. కాసేపు ఆగాడు. కప్పు కింద పెట్టాడు. తర్వాత పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో తలుపు బాదాడు.

స్వాతి చేతిలోని పెన్ను జారిపోయింది.

తలుపు తీసింది రసజ్ఞే. వాడు తల్లి వేలు పట్టుకున్నాడు, పుట్టాక మొదటిసారి. గట్టిగా లాగుతూ నీలమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె వైపు వేలు చూపించి తల్లి ముఖంలోకి చూశాడు.

అంబులెన్స్ వాళ్లు నాడి చూశారు, గడియారం చూసుకున్నారు. స్ట్రెచర్ కిందికి దింపేటప్పుడు తొందరపడలేదు.

గదిలో దీపాలు ఆర్పడం ఎవరికీ గుర్తు రాలేదు. చాప మీద ఆ ఖాళీ కప్పు పక్కకి ఒరిగి, మూతి తలగడ గుంట వైపు తిరిగి ఉంది.