పదునొకండవ పేరు

పుష్యమాసము కడపటి దినములు. నాగావళీనదీతీరమున నున్న ఊటవలస గ్రామమును తెల్లవారుజాము మొదలుకొని జామెడు ప్రొద్దెక్కువరకు మంచు కప్పివేయుచుండెను. ఇసుకతిన్నెలును తాటితోపులును గడ్డివాములును ఆ ధవళాంధకారమున నొక్కటొక్కటిగా మునిగిపోవ, ప్రక్కయింటి కోడి కూసినను అది యేలోకమునుండియో కూసినట్లు వినవచ్చుచుండెను. ఎదురుగా వచ్చుచున్న యాకారము పదియడుగుల దూరము చేరువరకు మనుష్యుడో కాడో తెలియరాదు. అట్టి వేళ ఆ యూరివారు ఒకరినొకరు పేరుపెట్టి పిలువరు. పిలిచినచో పలుకవలసినవాడు గాక వేరొకడు పలుకునేమో యని వారి జంకు. పదునైదేండ్లుగా ఆ యూర బడి చెప్పుచున్న భావనారాయణ పంతులు ఈ యాచారమును చూచి నవ్వుకొనుటయే గాని దాని మూలమును అడిగి యెరుగడు.

పందొమ్మిదేండ్ల క్రిందట మహాయుద్ధమునకై సముద్రములు దాటి బస్రాదేశమున కరిగి మరలిరాని ఊటవలసవారి పేర్లతో నొక శిలాఫలకము నిలుపవలెననియు, కలెక్టరు దొరగారు స్వయముగా వచ్చి దాని తెరతీయుదురనియు ఆ యేట నుత్తరువు వచ్చెను. వెంట పదునొకండు పేర్ల పట్టికయు వచ్చెను. పేరు, తండ్రిపేరు, పటాలపు అంకె, చచ్చిన చోటు, ఇంతియ యందున్నది. ఇది పంతులునకు కంటగింపయ్యెను. చచ్చినచోటు వ్రాయ వచ్చిన చేతికి బ్రదికినచోటు వ్రాయ రాలేదా యని గొణుగుకొని, ఆయన యొక నోటుపుస్తకమును చంకబెట్టుకొని యిల్లిల్లు తిరుగ నారంభించెను.

అడిగినదే తడవుగా ఇండ్లు నోళ్లు తెరచినవి. ఒక యింటి చెల్లెలు, అన్న తనకై దూలమునకు కట్టిన ఉయ్యెలత్రాటిని ఇంకను విప్పలేదని చూపెను. వేరొక యింటి ముదుసలి తండ్రి, తన సుపుత్రుడు పొరుగువాని దోసకాయలను పాదుతోసహా పెరికితెచ్చిన వైనము చెప్పుచు కడుపుబ్బ నవ్వి, ఆ నవ్వు నడుమనే భోరున నేడ్చెను. మరియొకని మేనత్త వానికి ఎడమచేతివాటమనియు, ఆ చేతితోనే గంజి త్రాగి తనచేత మొట్టికాయలు తినెడివాడనియు జ్ఞాపకము చేసికొనెను. ఇట్లు పదిమంది బ్రదుకులు పుస్తకమున కెక్కినవి.

పదునొకండవ పేరు పొట్నూరు సన్యాసి. ఆ పేరెత్తగానే ఊరంతయు తేలుకుట్టిన దొంగవలె నూరకుండెను. వాడు పొడుగరియో పొట్టివాడో చెప్పువారు లేరు. వానితో కలిసి ఈతకు పోయినవారు లేరు. వాని చేత తిట్లు తిన్నవారైనను లేరు. దోసకాయ దొంగకైనను ఇన్నాళ్లు నిలిచిన జ్ఞాపకము పుట్టినది మొదలు ఈ యూరి గాలి పీల్చిన మనుష్యునకు ఆవగింజంతయు మిగులకుండుట యెట్లని పంతులు విస్తుపోయెను. తుదకు గ్రామ మునసబు జోగినాయుడు, మెడమీది కండువాతో లేని చెమటను తుడుచుకొనుచు నిట్లనెను.

"పేరే గదా పంతులుగారూ, సెక్కించేయండి. సచ్చినోడి సంగతులు తవ్వితే ఏటొస్తాది?"

ఆ మాటలతో పంతులునకు మొదటిసారి అనుమానము పుట్టెను. ఆ దినమే అపరాహ్ణమున ఆయన సన్యాసి యింటికి బయలుదేరెను.

ఏటిగట్టునకు దిగువనున్న యా పూరింట, ఉన్న యొక్క కూతురు అత్తవారింటికి పోగా, ముగ్గురుందురు. సన్యాసి తల్లి బంగారమ్మ, కన్నులు పోయిన వృద్ధురాలు. ఆమె చిన్నకుమారుడు ఎర్రయ్య. వాని భార్య పారమ్మ. ఈ పారమ్మ పూర్వము సన్యాసి భార్య యనియు, అతడు పోయిన వార్త వచ్చిన పిమ్మట పెద్దలు కులాచారము చొప్పున మరిదికే మారుమనువు చేసిరనియు పంతులు వినియుండెను. ఎర్రయ్య వాకిట కూర్చుండి వల యల్లుచుండెను. పంతులు "ఎర్రయ్యా" యని పిలిచెను. అతడు తల యెత్తలేదు. రెండవమారును ఎత్తలేదు. మూడవ పిలుపునకు మాత్రము, ఆ పిలుపు తనకే యని యెవరో చెవిలో చెప్పినట్లు మెల్లగా తిరిగి చూచెను. అతనికి కొంచెము చెవుడని యూరివారు చెప్పుదురు. కాని గట్టు కావల మేక యరచినను అతడు ఉలికిపడుట పంతులు ఎన్నిమారులో చూచియుండెను.

లోపలినుండి పారమ్మ, "ఎర్రయ్యా, పంతులు బాబొచ్చినారు, మంచమెయ్యి" అని కేకవేసెను.

పంతులు కూర్చుండి పుస్తకము విప్పి, "అమ్మా, నీ మొదటి పెనిమిటి పేరు సన్యాసియే గదా? ఆయనను గూర్చి యేదైన నొక్కమాట చెప్పుము" అని యడిగెను. ఆమె చివుక్కున గోడవైపునకు తిరిగి చెంగును నోట కప్పుకొనెను. చెవుల తుదలవరకు ఎఱ్ఱబడెను. నలువదేండ్ల యా యిల్లాలు ఆ క్షణమున క్రొత్తపెండ్లికూతురి వలె నుండెను.

"ఆరి పేరు నా నోట రాదు బాబూ" అని గొణిగెను.

పంతులు చేతిలోని పెన్సిలు నిలిచిపోయెను. ఆ సీమలో భార్య భర్త పేరును నిద్రలోనైన నుచ్చరింపదు. సంతలో తప్పిపోయినను "మా గుంటడి అయ్యని సూసినారా" యని బిడ్డ తండ్రిగా వెదకునే గాని పేరెత్తదు. అట్టిచోట ఈమె యిప్పటి పెనిమిటిని పాలేరును కేకవేసినట్లు పేరుపెట్టి పిలుచుచున్నది. పందొమ్మిదేండ్ల క్రిందట చచ్చినవాని పేరునకు సిగ్గుపడుచున్నది. చచ్చినవానికై యేడ్చుట కలదు గాని సిగ్గుపడుట యెక్కడను లేదు. పంతులు తలయెత్తి వల యల్లువానిని చూచెను. అతని వ్రేళ్లు కదలుట మానియుండెను.

అరుగుమీదినుండి గ్రుడ్డి ముదుసలి గొంతు విననయ్యెను. "తెలిసిపోనాదా బాబూ? రేపు తద్దినం. పొద్దున్నే ఏటికాడికి రండి. కాకి ఏటి సేస్తాదో మీరే సూడండి. నాకు కళ్ళు నేవు."

మరునాటి యుదయమున మంచు ఏటిని మ్రింగివేసి యుండెను. గట్టుపై చెప్పులు విడిచి పంతులు ఇసుకలోనికి దిగునప్పటికి ఎర్రయ్య తడిబట్టతో మోకరించి, విస్తరాకులో నువ్వులు కలిపిన పిండమునుంచి, "మా యన్న సన్యాసికి" అని నీళ్లు విడిచి వెనుకకు జరిగెను. బోర్లించిన పడవమీదను వలగుంజలమీదను కాకులు బారులు తీరి యుండెను. ఒక్కటియు అరవదు. ఒక్కటియు పిండమును చూడదు. అన్నియు మెడలు ప్రక్కకు వంచి ఆ మనుష్యునే చూచుచుండెను. అన్నము ఎవనిదో వానివైపే చూచుచున్నవని పంతులునకు తోచెను.

అప్పుడాయన ఇసుకను చూచెను. నీటియంచునుండి విస్తరివరకు అడుగులజాడ యుండెను. మేకులు కొట్టిన బూట్ల జాడ. వచ్చినదే గాని మరలిపోయినట్లు లేదు. ఆ యూర బూట్లు తొడుగువాడు ఒక్కడును లేడు.

"ముట్టిందా?" అని బంగారమ్మ యడిగెను.

"నేదమ్మా" అని కుమారుడు చెప్పెను. ఏటేట నదే ప్రశ్న, అదే జవాబు.

అంతట నామె యిసుకలో చతికిలబడి దాచినదంతయు చెప్పెను. యుద్ధకాలమున సంతకు వచ్చిన పటాలపువారికి పెద్దకొడుకు సన్యాసి ఉబలాటముకొలది పేరిచ్చి వ్రేలిముద్ర వేసెను. పదిదినములలో బయలుదేరవలసియుండగా పారమ్మకు నెలలు నిండినవి. అతనికి ధైర్యము జారిపోయి గడ్డివామి వెనుక డాగి యేడ్చుచుండ, తమ్ముడు ఎర్రయ్య నవ్వి, "పేరు నీదవనీ, కాళ్ళు నావి. ఎల్లొచ్చేత్తాను" అని బయలుదేరెను. వెంట పోయిన మునసబు జోగినాయుడు వీడే సన్యాసి యని పటాలమువారికి సాక్ష్యమిచ్చెను. ఏడాది తిరుగకమున్నే సన్యాసి చచ్చెనని జాబు వచ్చెను. నిజము చెప్పినచో సర్కారును మోసగించినందులకు అందరికిని ద్వీపాంతరమే యని మునసబు గడగడ వడకుచు ఊరిపెద్దలచేత ఒట్టు పెట్టించెను. సన్యాసికి కర్మ జరిగెను. సన్యాసియే మూలకూర్చుండి తన చావున కేడ్చిన యేడ్పులను వినెను. పారమ్మ గాజులు పగులగొట్టిరి. తరువాత మారుమనువు పేరిట, కట్టిన చేతిచేతనే తాళి మరల కట్టించిరి. ఆ దినము మొదలు ఊరివారు అతనిని ఎర్రయ్య యనిరి. మంచులో పేరు పిలువగూడదన్న కట్టుబాటును ఆ యేటనే పుట్టెను.

"ఆడి పేరు ఈడు తొడుక్కున్నాడు. ఈడి పేరున పెట్టిన కూడు ఆడికి అందనేదు. పంతొమ్మిదేళ్ళ ఆకలి బాబూ నా సిన్నోడికి" అని ముదుసలి నేలను అరచేతులతో చరచెను. "ఆ రాతి మీద కూడా సన్యాసనే సెక్కేస్తే, ఇంక ఆడెక్కడికి పోతాడు?"

పంతులు కన్నులు చెమ్మగిల్లెను. ఆయన మోకరించియున్నవాని భుజముపై చేయివేసి, "పిండము పేరును వెదకికొని పోవును నాయనా. వాని పేరున పెట్టుము" అనెను. అతని పెదవులు కదలెను. కాని వెలువడిన మాట వేరు.

"ఎర్రయ్యని నానే బాబూ."

అది భయమున నన్న మాట కాదు. అతడు నిజముగా నట్లే నమ్మియుండెనని తెలిసి పంతులు భుజముపైని చేయి తీసివేసెను. ఆ క్షణమున మంచులోపల, నీటిలో, ఎవరో యొక యడుగు వేసిన చప్పుడయ్యెను. పిమ్మట రెండవ యడుగు. కాకులన్నియు నొక్కమారుగా నేటివైపునకు తలలు త్రిప్పెను.

అప్పుడు పారమ్మ ముందునకు వచ్చెను. నోటిపైని చెంగును తీసివేసెను. మంచులో పేరు పిలువరాదన్న యూరి కట్టుబాటును, మగని పేరు పలుకరాదన్న పుట్టింటి బుద్ధిని ఒక్క యూపిరిలో దాటి, ఏరు మారుమ్రోగునట్లు పిలిచెను.

"సన్యాసీ!"

పిలుపు పూర్తికాకమున్నే అతడు తిరిగి చూచెను. మూడుమారులు పిలిచినగాని పలుకని మనుష్యుడు!

"సన్యాసీ, పక్కకి లెగు. నా మరిదికి అన్నం పెట్టు" అని యామె వెక్కి వెక్కి యేడ్చెను.

అతడు చేతులపై ప్రాకుచు విస్తరిని చేరి దానిని నీటివైపునకు జరిపి, "ఎర్రయ్యా! ఒరే తమ్ముడా! నీదేరా, ఇది నీదేరా, తిందువుగాని రారా!" అని చిన్నబిడ్డవలె నెలుగెత్తెను. నీటిలోని చప్పుడు ఆగిపోయెను. పడవమీది కాకులు కదలలేదు. ఏటి నడుమనుండి, మంచును చీల్చుకొని, ఎక్కడిదో ఒంటికాకి వచ్చి వ్రాలి మొదటి మెతుకును ముట్టెను. తరువాతనే తక్కినవి దిగెను.

"ముట్టిందా?" అని బంగారమ్మ యడిగెను. రెక్కల చప్పుడు విని యామెయే తెలిసికొనెను.

ఆ మధ్యాహ్నమే పంతులు రాయి చెక్కువానియొద్దకు పోయి, ఇంకను చెక్కక మిగిలిన కడపటి వరుసయందు పొట్నూరు ఎర్రయ్య యని సుద్దతో వ్రాసియిచ్చెను. సంగతి తెలిసి మునసబు పరుగున వచ్చి కాళ్లావేళ్లా పడెను. పంతులు తన యుద్యోగమును ఒకపరి తలచుకొని, "దొరగారు తన పట్టికను చదువుకొందురు. తెలుగక్షరములు వారికి రావు. వచ్చినవారిలో చెప్పువాడెవ్వడో మీరే చూపుడు" అనెను. మునసబు వచ్చిన దారినే మరలిపోయెను. ఆ సాయంకాలము మొదలు పంతులు అరుగుమీద జనము క్రిక్కిరిసెను. ఎర్రయ్య యీలవేసి గేదెలను ఏరు దాటించెడివాడని యొకడు, తన పెండ్లిలో వాడే బూరె లన్నియు తినివేసెనని యొకతె, పందొమ్మిదేండ్లు బిగబట్టిన నోళ్లన్నియు నొక్కమారుగా విప్పిరి. పుస్తకమున కాగితములు చాలలేదు.

మూడవనాటి యుదయమున ఆ మంచులోనే దొరగారు వచ్చిరి. తెర తీసి, చేతిలోని పట్టికను చూచుచు నొక్కొక్క పేరే చదివిరి. ప్రతి పేరునకును జనులు తలలు వంచిరి. కడపట దొరగారు "పొట్నూరు సన్యాసి" యనగానే వెనుకవరుసలో పారమ్మ ప్రక్కనుండి యొక గొంతు నిదానముగా పలికెను.

"ఉన్నాను బాబూ."

ఊటవలసవా రొక్కరును వెనుకకు తిరిగి చూడలేదు. ఎవరు పలికినది యని దొరగారు అడుగగా మునసబు ఈమారు నిజమైన చెమటనే తుడుచుకొని, "ఈ ఊళ్ళో మంచు జాస్తి దొరా" యని విన్నవించెను. దొరగారు కోటును బిగించుకొని త్వరగా బండి యెక్కిరి.

అందరును పోయినపిమ్మట పంతులు బంగారమ్మను చేయిపట్టి రాతియొద్దకు తెచ్చెను. అక్షరమెరుగని యా వ్రేళ్లు ఒక్కొక్క వరుసను తడవుకొనుచు దిగి కడపటి వరుసయందు నిలిచినవి.

"ఇదేనా బాబూ ఆడు?"

"వాడే తల్లీ."

ఆమె చెంపను ఆ వరుసకు ఆనించెను. "ఎచ్చగున్నాడు" అనెను.

అన్నము లేక యుండవచ్చును, ఊరు విడిచి యుండవచ్చును, తన పేరు తనది కాక మనుష్యుడు బ్రదుకనులేడు చావనులేడని పంతులు పుస్తకము తుదిని వ్రాసికొనెను. ఆ పైని జరిగినది ఆయన వ్రాయలేదు. ముదుసలి తృప్తికై అవునని పలికి, ఆమె యెరుగకుండ తానును రాతిపై చేయి వేసి చూచెను. మొదటి పది పేర్లును మంచుకు తడిసి చేయి కొంకరలుపోవునంత చల్లగా నుండెను. కడపటి పేరు చెమ్మలేక, అప్పుడే నిద్రలేచిన బిడ్డ యొడలివలె వెచ్చగా నుండెను. ఆ దినమంతయు ఊటవలసలో నెండ పొడచూపనే లేదు.