పది అడుగుల పరీక్ష

నేను ఒక తోపుడు బండిని. అయితే పదకొండేళ్లపాటు నన్ను ఎవరూ తొయ్యలేదు.

కంచరపాలెంలో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. నాలుగు ఇనప చక్రాలు, పైన టేకని చెప్పి అమ్మిన మామిడి చెక్క. మొదట ఇస్త్రీ పెట్టె మోశాను. ఆ కాలిన మచ్చ ఇప్పటికీ నా వీపు మీద ఉంది. తరవాత అరటిపళ్లు మోశాను. ఆఖరికి నూకరత్నం చేతిలో పడ్డాను. ఆవిడ నన్ను వేణ్నీళ్లతో మూడుసార్లు కడిగి, వాసన చూసి, మళ్లీ కడిగింది. ఈవిడతో కాపురం తేలిక కాదని అప్పుడే అనుకున్నాను.

కొండవాలు వీధిలో మలుపు దగ్గర నన్ను నిలబెట్టింది. కుర్చీ లేదు, బోర్డు లేదు. ఇడ్లీ, ఉప్మా, అల్లం పచ్చడి. నిలబడి తినాలి, చెయ్యి కడుక్కుని పోవాలి. ఆఫీసుకు ఆలస్యమైపోయిందంటూ పరిగెత్తుకొచ్చిన మనిషి కూడా రెండోసారి పచ్చడి పడేదాకా అడుగు తీసి అడుగు వెయ్యడు. కదలకుండా ఉండటం నేను వాళ్లను చూసే నేర్చుకున్నాను.

ఈలోగా రోడ్డు మూడుసార్లు వేశారు. మూడుసార్లూ రోలరు డ్రైవరు, తిన్న ఇడ్లీల మొహమాటానికి, నన్ను కదపకుండా నా చుట్టూ తిప్పుకుని పోయాడు. తారు నా చక్రాలను సగందాకా మింగేసింది.

అప్పుడు వచ్చాడు విద్యాసాగర్ అనే కొత్త వార్డు ఇనస్పెక్టరు. వంగి నా చక్రాలు చూశాడు.

"ఏమ్మా, నీకిచ్చింది తోపుడు బండి కార్డు. ఇది కదలకపోతే బండి కాదు, అక్రమ కట్టడం. రేపు పొద్దున నా కళ్లముందు పది అడుగులు కదలాలి. లేదంటే కార్డు రద్దు, బండి లారీ ఎక్కుతుంది."

నూకరత్నం ఆ రోజు ఉప్మాలో రెండుసార్లు ఉప్పు వేసింది. ఆవిడ అలా వెయ్యగా నేను చూడటం అదే మొదలు. భయపడిందని నాకు తెలిసింది.

మర్నాడు ఆటో జోగారావు గునపం తెచ్చాడు. ఇనస్పెక్టరు ఎగిరిపడ్డాడు. "రోడ్డు తవ్వడానికి పర్మిషనుందా?"

"తవ్వడం ఏటి బాబూ? బండి కాళ్లు కడగతన్నాను," అంది నూకరత్నం. ఉప్మాకు కూడా లెక్కచూసి పోసే నూనెను నా చక్రాలకు ధారాళంగా పోసింది.

తినేవాళ్లంతా ప్లేట్లు కింద పెట్టి చేతులు వేశారు. "నూకప్పా, నువ్వు పొయ్యి ఆర్పు! తొయ్యండ్రా!" అని జోగారావు కేక పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. తారు పటుక్కున విడిచింది.

అది వాలు వీధి. ఆ సంగతి వాళ్లు మరిచిపోయారు. నేను మరవలేదు.

పది అడుగులు దాటాయి. ఇరవై దాటాయి. "ఆపండి! ఆపండి!" అంటూ ఇనస్పెక్టరు పక్కకు దూకాడు. ఇడ్లీ పాత్ర మూత టకటకా తాళం వేస్తుంటే, పచ్చడి గిన్నె చంకన పెట్టుకుని నూకరత్నం వెంటపడుతుంటే, పదకొండేళ్ల నడక ఒక్క పూటలో నడిచాను. వీధి చివర గోడకు ఆనుకుని ఆగాను. ముందు చక్రం ఊడి పక్కన పడింది. తల తిప్పి చూస్తే అది వార్డు ఆఫీసు గోడ. గేటు పక్కనే చల్లటి నీడ.

ఇనస్పెక్టరు రొప్పుతూ వచ్చాడు. "నేను కదలమన్నాను గానీ ఇక్కడికి రమ్మన్నానా?"

"పదడుగులన్నారు. రెండొందలు ఏసింది. మిగతావి వచ్చే ఏటికి జమ రాసుకోండి బాబూ," అంటూ నూకరత్నం కార్డు చాపింది.

చప్పుడు విని ఆఫీసువాళ్లంతా బయటికొచ్చారు. మూత తీసేసరికి ఆవిరి గుప్పుమంది. "ఇడ్లీ వేడిగానే ఉందే! అల్లం పచ్చడేనా?" అంది టైపిస్టు. అయిదు నిమిషాల్లో అందరి చేతుల్లోనూ ప్లేట్లున్నాయి. ఇనస్పెక్టరు అటు చూశాడు, ఇటు చూశాడు. నా వీపు మీదే కార్డు పెట్టి 'బండి కదులును' అని రాసి సంతకం చేశాడు. తరవాత రెండు ఇడ్లీలు అడిగాడు.

"చక్రం వేయించగానే తీసెయ్యాలి," అన్నాడు, నోటినిండా ఇడ్లీతో.

"అలగే బాబూ," అంది నూకరత్నం. ఆ చక్రాన్ని తోమి, నేల మీద పడుకోబెట్టి, దాని మీద మంచినీళ్ల బిందె పెట్టింది. బిందె ఇప్పటికీ అక్కడే ఉంది.

వచ్చే నెల ఈ రోడ్డు కూడా వేస్తారట. నేను మూడు కాళ్లూ చాచుకుని, వెచ్చటి తారు కోసం ఎదురుచూస్తున్నాను.