వీపు మీద మచ్చ

నా ముక్కు పక్కన ఉన్న చిన్న కురుపు చర్మ క్యాన్సర్ అని తేలింది. తొలి దశే కాబట్టి కోసి తీసేశారు. "పూర్తిగా పోయింది, ఉమాశ్రీ గారూ. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోండి చాలు" అన్నారు రాజమండ్రి డాక్టరమ్మ గారు. అందరూ నన్ను అదృష్టవంతురాలన్నారు. మా ఆయన మణిశంకర్ అయితే రోజూ, "చిన్నదేగా, అయిపోయిందిగా" అనేవారు. అదృష్టవంతురాలు ఏడిస్తే ఏం బాగుంటుంది? అందుకని ఏడవడం మానేసి, అనుమానించడం మొదలుపెట్టాను.

రావులపాలెం హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. స్కూటీ మీద బయల్దేరితే, ఎండ తగలకుండా పొడుగు చేతుల జాకెట్టు, గ్లవ్స్, మొహానికి స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు. "తేనెపట్టు తియ్యడానికా మేడం?" అని అడిగింది తొమ్మిదో తరగతి పిల్ల ఒకత్తె. క్లాసులో మూఢనమ్మకాలు వద్దని బల్ల గుద్ది చెప్పేదాన్ని. ఇంటికొచ్చి ఫోన్ లైటు వేసుకుని, ఒంటి మీద పుట్టుమచ్చలకి హాజరు వేసేదాన్ని.

ఒక ఆదివారం అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంటే, వీపు మీద కొత్త మచ్చ. నల్లగా, గుండ్రంగా ఉంది. మంచం మీద కూర్చుని నా చావుకి ఏర్పాట్లు చేశాను. ఉప్పాడ చీర మా ఆడపడుచు శ్రీసుధకి ఇవ్వాలనుకున్నాను. ఆవిడ దాన్ని కట్టుకుని నా సంవత్సరీకానికి వస్తుందని తోచేసరికి ఒళ్ళు మండి, ఆ నిర్ణయం రద్దు చేశాను.

మర్నాడు నేనూ మా ఆయనా రాజమండ్రి వెళ్ళాం. డాక్టరమ్మ గారు భూతద్దం పెట్టి చూశారు. పట్టకారు తెమ్మన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. చిన్నగా లాగినట్టయింది.

"స్టిక్కర్ బొట్టండి," అన్నారామె. "టవల్‌కి అంటుకుని వచ్చుంటుంది."

నవ్వాను. మా ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ మలుపు తిరిగిందో తెలీదు గానీ, వెక్కివెక్కి ఏడుస్తున్నాను. నర్సు మంచినీళ్ళు తెచ్చింది.

"మీ చర్మం బాగుంది," అన్నారు డాక్టరమ్మ గారు. "మీరెలా ఉన్నారు?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అలా అడగలేదు. "భయంగా ఉందండి. అద్దం చూస్తే భయం, చూడకపోతే ఇంకా భయం" అన్నాను.

"చిన్న జబ్బు అయినంత మాత్రాన చిన్న భయం అవ్వాలని లేదండి. చాలామందికి ఇలాగే ఉంటుంది." నెలకొకసారి చూసుకుంటే చాలన్నారు. మనసు సంగతి మాట్లాడుకోవడానికి తబిత గారనే కౌన్సిలర్ పేరు చెప్పారు.

తిరిగి బస్సెక్కాం. కడియం దాటాక మా ఆయన, "చిన్నదేగా అని నీకు కాదే, నాకు చెప్పుకునేవాణ్ణి" అన్నారు.

"ముందే చెప్పొచ్చుగా? ఇద్దరం కలిసి వణికేవాళ్ళం" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఎదురు సీట్లో ముసలావిడ మమ్మల్ని కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అన్నట్టు చూసింది.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. వచ్చినప్పుడు ఆయనకి చెబుతున్నాను, ఆయనా చెబుతున్నారు. తబిత గారి దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు, "నేను చాలా ధైర్యవంతురాలినండి" అని మొదలుపెట్టి, ఆవిడ టేబుల్ మీది టిష్యూ డబ్బా ఖాళీ చేసి వచ్చాను. రెండోసారి వెళ్ళేసరికి ఆవిడ కొత్త డబ్బా నా కుర్చీ పక్కనే పెట్టి ఉంచారు.