పర్లేదు అన్న పాపానికి

కాళ్ళు పనిచేయని మనిషికి చెవులూ నోరూ కూడా పనిచేయవని ఈ దేశంలో చాలామందికి గట్టి నమ్మకం. హోటల్‌కి వెళ్తే నా వెనక నిలబడ్డ వాళ్ళని అడుగుతారు, ఆవిడేం తింటారని. బ్యాంకులో నా సంతకం కావాల్సి వస్తే నా కూతురి మొహం చూసి అడుగుతారు. ఏళ్ళ తరబడి హాస్పిటల్లో పెథాలజిస్టుగా పనిచేసి, ఎవరి ఒంట్లో ఉన్నది కాన్సరో కాదో తేల్చి చెప్పినదాన్ని. ఇప్పుడు సాంబారులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా నా తరఫున వేరేవాళ్ళు చెబుతున్నారు.

నా పేరు వసంతలక్ష్మి. మా ఆయన పోయాక జెర్సీ సిటీలో ఒక ఎత్తైన బిల్డింగులో ఒక్కదాన్నే ఉంటున్నాను. వెన్నెముక ఆపరేషన్ తర్వాత కాళ్ళు మొరాయించాయి కాబట్టి బ్యాటరీతో నడిచే వీల్‌చైర్‌లో తిరుగుతాను. తిరుగుతాను అన్నానని గమనించండి. ఇంట్లో పడి ఉండే రకాన్ని కాదు. లైబ్రరీకి వెళ్తాను, నది ఒడ్డుకి వెళ్తాను, శనివారం శనివారం బస్సెక్కి న్యూఆర్క్ ఎవెన్యూలో మన కొట్లకి వెళ్ళి కూరగాయలు తెచ్చుకుంటాను.

ఈ భోగం ఇక చాలని మా స్మృతి తీర్మానించింది. స్మృతి నా ఒక్కగానొక్క కూతురు. ఇక్కడే పుట్టింది, కారులో నాలుగు గంటల దూరంలో ఆష్‌బర్న్‌లో ఉంటుంది. మొన్న శుక్రవారం కారు నిండా ఖాళీ అట్టపెట్టెలు వేసుకుని దిగింది. వచ్చే నెల నా ఫ్లాట్ అమ్మకానికి పెడతారట. నేను ఆష్‌బర్న్ వెళ్ళి వాళ్ళ ఇంటి అడుగున బేస్‌మెంట్‌లో ఉంటానట. నాకు అక్కడ చాలా హాయిగా ఉంటుందట. ఈ అటలన్నీ నా గురించే, నేను వినేది మాత్రం అందరికంటే ఆఖరున.

ఆష్‌బర్న్ చెడ్డ ఊరని అనను. గుడి ఉంది, మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కానీ వాళ్ళ ఇంటి దగ్గర బస్సు లేదు. గడప దాటాలంటే ఎవరో ఒకరు కారు తీయాలి. స్మృతికి తీరినప్పుడు గుడి, అల్లుడు అర్జున్‌కి తీరినప్పుడు పార్కు. ఎవరికీ తీరకపోతే కిటికీలోంచి పక్కింటివాళ్ళ గడ్డి చూస్తూ కూర్చోవాలి.

పెట్టెల్ని చూసి రాత్రంతా కుతకుతలాడిపోయి, పొద్దున్న కాఫీ దగ్గర అన్నాను.

"కూరగాయలకి వెళ్తున్నాను. బస్సులో. నువ్వూ రా. నేను ఎలా వెళ్ళొస్తానో చూద్దువుగాని."

"ఎందుకమ్మా? ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే మధ్యాహ్నానికి వస్తాయి కదా."

"వస్తాయి, ముదురు బెండకాయలు. కొస విరిచి చూసుకోకుండా బెండకాయ కొనేవాళ్ళని నేనెక్కడా చూడలేదు."

"ఓకే, ఓకే. కోట్ వేసుకో."

అలా బయల్దేరాం. మార్చి నెల గాలి ముక్కుని కోసేస్తోంది. బస్టాపులో ఇద్దరమే ఉన్నాం. బస్సు రాగానే నాకు ధైర్యం వచ్చింది. ఇక చూడు నా ప్రతాపం అనుకున్నాను. నా కుర్చీ ఎక్కేందుకు వీలుగా బస్సు ఒక పక్కకి ఒరిగింది, తలుపు దగ్గర ర్యాంప్ పలక కిందకి వాలింది. నేను ర్యాంప్ అంచుకి కుర్చీ పోనిచ్చి లోపలికి చూశాను.

ముందు భాగంలో రెండు పక్కలా వీల్‌చైర్ల కోసం చోటు ఉంటుంది. అక్కడి సీట్లు పైకి మడిస్తే కుర్చీ పడుతుంది. ఒక పక్క పల్లకీ అంత స్ట్రోలర్ ఉంది, అందులో పసివాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. దాని పిడికి సంచులు వేలాడుతున్నాయి. పక్కన నిలబడ్డ అమ్మాయి ఆ పిల్లాడి తల్లి. రెండో పక్క ఒక పెద్దమనిషి పెద్ద సూట్‌కేసు ముందు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

డ్రైవరు వెనక్కి తిరిగి, స్ట్రోలర్ మడిచేయమని ఇంగ్లీషులో కేకేశాడు. ఆ అమ్మాయి బెదిరిపోయి నావైపు చూసింది. నా బొట్టు కనబడగానే మొహం విప్పారింది.

"ఆంటీ, మీరు తెలుగా?"

తలూపాను.

"సారీ ఆంటీ. రాత్రంతా నిద్రపోలే, ఇప్పుడే పండుకున్నడు. ఇది మడవాలంటే వాణ్ణి లేపాలె. సారీ ఆంటీ, ఏమనుకోకండి."

"పర్లేదమ్మా," అన్నాను.

ఆ మాట నేను అనలేదు, నా నోరు అనేసింది. కాలు తొక్కి సారీ అంటే పర్లేదు అంటాం. ఇంటికొచ్చిన వాళ్ళు కాఫీ కప్పు పగలగొట్టినా పర్లేదు అంటాం. నీ మీద నాకు కోపం లేదు అని దానికి అర్థం. ఇంకో కప్పు కూడా పగలగొట్టమని కాదు. సరే, అయిపోయింది కదా, ఇక స్ట్రోలర్ పక్కకి తీస్తుందని చూస్తున్నాను.

ఆ అమ్మాయి డ్రైవరు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది, ఆవిడకి ఓకేనట, తర్వాతి బస్సులో వస్తారట అని.

డ్రైవరు నన్ను అడగాలా వద్దా? నా తల మీదుగా స్మృతిని చూసి, "యూ గుడ్?" అన్నాడు. నా కూతురు బొటనవేలు ఎత్తి చూపించింది. నేను నోరు తెరిచేలోపు ర్యాంప్ లేవడం మొదలైంది. దాని అంచు కుర్చీకి తగులుతుందని గబగబా వెనక్కి జరిగాను. తలుపు మూసుకుంది. ఆ అమ్మాయి అద్దంలోంచి చెయ్యి ఊపుతూ థాంక్యూ అని పెదాలు కదిపింది. బస్సు పోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరికాళ్ళు పనిచేయకపోయినా ఆ మంట మాత్రం బ్రహ్మాండంగా ఎక్కుతుంది.

"వేలెందుకు ఎత్తావే?" అన్నాను.

"నువ్వే కదా పర్లేదు అన్నావు?"

"అది సారీకి అన్నాను. బస్సుకి అనలేదు."

"అమ్మా, పర్లేదు మీన్స్ ఇట్స్ ఓకే. చిన్నప్పుడు నువ్వే నేర్పించావు నాకు."

నేర్పించాను, నిజమే. మూడో ఏట మాటలు నేర్పేటప్పుడు ఏది ఎక్కడ వాడాలో ఎవరు చెబుతారు? మిగతాది వాళ్ళే పట్టుకుంటారనుకుంటాం. స్మృతి ఈ ఒక్కటి పట్టుకోలేదు, నలభై ఏళ్ళొచ్చినా.

స్మృతి కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. మెల్లిగా అంది.

"దెన్ నాకెలా తెలుస్తుంది? నీకు ఎప్పుడు ఓకే, ఎప్పుడు నాట్ ఓకే? బేస్‌మెంట్‌కి కూడా నువ్వు పర్లేదు అనే అన్నావు."

"ఏ బేస్‌మెంట్‌కి?"

"నువ్వు థాంక్స్‌గివింగ్ పండక్కి మా ఇంటికి వచ్చినప్పుడు. అర్జున్, నేను నీకు చూపించాం కదా. ఇక్కడ నీకు రూమ్ చేస్తే ఎలా ఉంటుంది అని నీకు అడిగాను. పర్లేదు, బానే ఉంటుంది అన్నావు. అందుకే కదా ఇదంతా స్టార్ట్ చేశాం."

ఆ సాయంత్రం గుర్తొచ్చింది. భోజనాలయ్యాక ఇద్దరూ మురిసిపోతూ నన్ను పెరటి వాలు మీదుగా కిందకి తీసుకెళ్ళి చూపించారు. కూతురూ అల్లుడూ తమ ఇంట్లో ఒక గది చూపించి ఎలా ఉందంటే, బాగాలేదని ఏ తల్లి అంటుంది? ఆ గది గురించి ఒక మర్యాద మాట అన్నాను. ఆ మాటతోనే వీళ్ళు నా ఇల్లు అమ్మకానికి పెడుతున్నారు. నా ఇంటికి నేనే గిరాకీ తెచ్చానన్నమాట!

"ఒక్కసారి అడిగి ఊరుకున్నారా?" అన్నాను. గొంతు లేచింది. "ఇంకో గరిటె పప్పు వడ్డించడానికే మూడుసార్లు అడుగుతాం మన ఇళ్ళల్లో. వద్దన్నా అడుగుతాం, చాలన్నా అడుగుతాం. మనిషిని ఇల్లు ఖాళీ చేయించడానికి ఒక్కసారి సరిపోయిందా?"

"మూడుసార్లు ఎందుకు అడగాలి? ఒకసారి అడిగితే నువ్వు ఆన్సర్ చెప్పావు. ఐ బిలీవ్డ్ యూ." దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నమ్మడం తప్పా అమ్మా?"

నా కోపం అలాగే ఉంది, కానీ దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. అంతలో ఇంకో బస్సు వచ్చింది.

ఈసారి డ్రైవరు ఒక ఆడమనిషి. లోపల చూస్తే మళ్ళీ అదే కథ. ఒక పక్క స్ట్రోలర్, అందులో నిద్రపోతున్న పాప, పక్కన స్పానిష్‌లో ఫోన్ మాట్లాడుతున్న తల్లి. రెండో పక్క మడత సీట్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లలో మునిగిపోయి ఉన్నారు. ర్యాంప్ కిందకి దించిన డ్రైవరు ఒకసారి వెనక్కి చూసి, చోటు లేదన్నట్టు పెదవి విరిచింది. విరిచి, స్మృతితో అంది, "తర్వాతి బస్సు వెనకే ఉందని ఆవిడకి చెప్పండి."

ఆవిడకి చెప్పండి! నేను ర్యాంప్ మీదకి కుర్చీ ఎక్కించి సగంలో ఆపాను. నేను దిగితే గానీ ర్యాంప్ లేవదు, ర్యాంప్ లేస్తే గానీ బస్సు కదలదు.

"నాతో మాట్లాడండి," అన్నాను ఇంగ్లీషులో. ఒకప్పుడు ఆ గొంతు వింటే ల్యాబ్‌లో నా కింద పని నేర్చుకునే రెసిడెంట్ డాక్టర్లు గాజు స్లైడ్లు జారవిడిచేవాళ్ళు. "ప్రయాణం చేసేది నేను. ఈ బస్సు ఎక్కుతున్నాను. తర్వాతిది కాదు, ఇదే."

వెనక నుంచి ఎవరో, మాకు పనులున్నాయి తల్లీ అన్నారు. ఇంకెవరో నిట్టూర్చారు. స్ట్రోలర్ తల్లి ఫోన్ పెట్టేసి, కంగారుగా పాపని ఎత్తుకోబోయింది.

"మీరు లేపకండి," అన్నాను. "పాపని పడుకోనివ్వండి. ఆ రెండో పక్క సీట్లు మడిస్తే నేను పడతాను. అక్కడ కూర్చున్న ఇద్దరికీ కాళ్ళు ఉన్నాయి, నాకు ఇక్కడికి కనబడుతున్నాయి."

డ్రైవరు లేచి వెళ్ళి కుర్రాళ్ళకి చెప్పింది. ఒకడు సారీ అంటూ గభాల్న లేచాడు. రెండోవాడు కళ్ళు తిప్పి, బద్ధకంగా లేచి వెనక్కి వెళ్ళాడు. సీట్లు పైకి లేచాయి. కింద కావలసినంత చోటు బయటపడింది. అంతే పని. దీనికోసమా ఇందాక నేను రోడ్డు మీద ఉండిపోయింది?

కుర్చీ సర్దుకుని బెల్టు బిగించుకున్నాక నాకు అసలు మంట మొదలైంది. మొదటి బస్సులో సూట్‌కేసువాణ్ణి ఎవరూ ఒక్క మాట అడగలేదు. డ్రైవరు అడగలేదు, ఆ పిల్ల అడగలేదు, నేనూ అడగలేదు. పసివాడున్న తల్లీ కాళ్ళు పడిపోయిన ముసలిదీ ఒకళ్ళకొకళ్ళు సారీలూ పర్లేదులూ పంచుకుంటుంటే, ఏ అవసరమూ లేనివాడు హాయిగా కళ్ళు మూసుకుని పాటలు విన్నాడు. ఆ పిల్ల మీద నాకు కోపం పోయింది. నిద్రలేని కళ్ళతో ఆ బండి ఒక్కతే లాక్కొస్తోంది. మా ఇద్దరికీ సరిపోయే చోటుని ఒకరికే అన్నట్టు చేసినవాళ్ళ మీద మాత్రం పోలేదు, పోదు.

బస్సు కదిలింది. స్మృతి నా పక్కన రాడ్ పట్టుకుని నిలబడింది. ఇంట్లో పెట్టెలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలుసు.

"స్మృతీ, నేను ఆష్‌బర్న్ రాను."

అది నావైపు తిరిగింది. ఈసారి పొరపాటుకి తావివ్వదలచుకోలేదు. ఇంగ్లీషులో కూడా చెప్పాను, "ఐ యామ్ నాట్ కమింగ్. ఫ్లాట్ అమ్మను."

"నువ్వు బస్సు మీద కోపంతో అంటున్నావు."

"కోపంతోనే అంటున్నాను. కోపం రాకపోతే నా నోట్లోంచి మర్యాదే వస్తుంది, నిజం రాదు."

ఒక స్టాపులో జనం దిగారు, ఇంకొందరు ఎక్కారు. అప్పుడు స్మృతి కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"బాత్‌రూమ్ డోర్ వైడ్ చేయించామమ్మా. నీ చైర్ వెళ్ళేలా. లాస్ట్ టైమ్ నువ్వు పడుకున్నప్పుడు టేప్ పెట్టి మెజర్ చేసుకున్నాను. సింక్ కూడా కిందకి పెట్టించాం, నువ్వు కూర్చునే మొహం కడుక్కోవచ్చని. సర్‌ప్రైజ్ అనుకున్నాం. పెయింట్ ఒక్కటే మిగిలింది."

ఇన్నేళ్ళలో నా కుర్చీ కొలత ఎవరూ తీసుకోలేదు. నేను వస్తానని గోడ పగలగొట్టి తలుపు వెడల్పు చేసినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. నా కూతురు చేసింది. నేను నిద్రలో ఉండగా, చెప్పకుండా, అడగకుండా, అంత ప్రేమగా చేసింది. వస్తానులేవే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించాను.

చెయ్యి చాచి రాడ్ మీద ఉన్న దాని చేతిని పట్టుకున్నాను. చల్లగా ఉంది. అది విడిపించుకోలేదు, నావైపు చూడనూ లేదు. ఏడుస్తోందని భుజాలు చెబుతున్నాయి. నాకూ ఏడుపొచ్చింది.

"చాలా మంచి పని చేశావమ్మా," అన్నాను. "ఎంత మంచి పనో నాకు తెలుసు."

అది ఆశగా తల తిప్పింది.

పట్టుకున్న చెయ్యి వదలకుండా మళ్ళీ చెప్పాను, "రాను."