హాలుకు సరిపడ్డ యాంప్లిఫయర్

స్పీకర్లలో సన్నటి శబ్దాలు పలికించే హార్న్ డ్రైవర్లు మళ్ళీ కాలిపోయి వచ్చాయి. నాటకాల హాలు మేనేజరు వాటిని అట్టపెట్టెలో పెట్టి, పైన పాతగుడ్డ కప్పి, చచ్చిన పిల్లిని పంపినట్టు రిపేరు షాపుకు పంపాడు. చెల్లెలు బల్లమీది లైటు కిందికి లాక్కుని ఒకదాని వెనకమూత విప్పింది. లోపల పల్చటి రేకుగిన్నె, దాని అంచు చుట్టూ వెంట్రుకంత సన్నటి తీగెచుట్ట. రాగిరంగులో మెరవాల్సిన ఆ చుట్ట బొగ్గయిపోయి ఉంది. వేలు తగిలించగానే పొడిపొడిగా రాలింది.

ఆమె పనే అది. స్పీకర్లు చిరిగితే అతకడం, కాయిళ్ళు, అంటే ఆ తీగెచుట్టలు, కాలితే కొత్తవి చుట్టడం. షాపుకొచ్చేవాళ్ళు ఆమెను కాయిళ్ళక్క అంటారు. స్పీకరు కాగితపు కోను చిరిగొస్తే ఓపికకు మించి తన్నారని, కాయిలు మాడొస్తే ఊపిరి తిప్పుకోనివ్వకుండా వేడెక్కించారని చూడగానే చెప్పేస్తుంది. ఇదంతా అన్నయ్య నేర్పిందే. అన్నయ్య ఆ హాల్లో సౌండు చూస్తాడు. ఊరంతా అతన్ని మాస్టారంటుంది. చివరి వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా స్టేజీమీద గుసగుస చెవిలో చెప్పినట్టు వినిపించేలా చేస్తాడని పేరు.

"యాంప్లిఫయర్ చచ్చుదమ్మడూ. అందుకే కాలుతున్నాయి," అన్నాడు అన్నయ్య పెట్టెలోకి తొంగిచూసి.

అందులో అబద్ధం లేదనిపించింది ఆమెకు. హాల్లో ఉన్నది చిన్న యాంప్లిఫయర్. శక్తికి మించి పని చెబితే దాని ఎర్రలైటు ఆరకుండా వెలుగుతుంది, శబ్దపు అలలు తలలు తెగి బయటికొస్తాయి. ఆ తెగిన శబ్దమే హార్న్ డ్రైవర్లను నిప్పులో పెట్టినట్టు కాలుస్తుంది. పెద్ద మిషను పెద్ద ప్రమాదమని జనం అనుకుంటారు గానీ, చాలీచాలని మిషనే ఎక్కువ డ్రైవర్లను పొట్టన పెట్టుకుంటుంది.

మేనేజరు కొత్తది కొనడానికి ఒప్పుకున్నాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసే వెళ్ళారు. కొట్టువాడు మెరిసే పెట్టెలన్నీ వరసగా పేర్చి, ఒక్కోదాని మీదా రాసిన వాట్లు గొప్పగా చదువుతుంటే అన్నయ్య నవ్వాడు.

"ముందున్నది చదువుతున్నావు, వెనక్కి తిప్పు బాబూ."

వెనకవైపు చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది. ఎన్ని ఓముల భారం మీద ఎంత శక్తి ఇవ్వగలదు, క్షణంసేపు ఎంత, గంటలతరబడి ఎంత. అన్నయ్య చెల్లెలి వైపు తిరిగి, ఎప్పుడూ చెప్పే పాఠమే మళ్ళీ చెప్పాడు. "డ్రైవరు ఆగకుండా ఎంత మొయ్యగలదో చూడు. దానికి రెట్టింపు ఇవ్వగలిగినదాన్ని తీసుకో. డ్రైవర్లన్నీ కలిపి కట్టాక భారం ఎన్ని ఓములకి దిగుతుందో లెక్కేసుకో, ఆ భారాన్ని అది తట్టుకోవాలి. ఇచ్చే శక్తి దానికుండాలి, అడక్కుండా ఆగే బుద్ధి మనకుండాలి."

లెక్క సరిపోయింది. హాల్లో బిగించిన రోజు అన్నయ్య కొత్త పెళ్ళికొడుకులా తిరిగాడు. ఎర్రలైటు ఒక్కసారి కూడా వెలగలేదు. మేనేజరు సంబరపడిపోయి అందరికీ టీ చెప్పాడు.

నెల తిరక్కుండా డ్రైవర్లు మళ్ళీ వచ్చాయి. ఈసారి తీగెచుట్ట మాడటమే కాదు, దాన్ని అంటించిన జిగురు కూడా కరిగి కారిపోయింది.

చెల్లెలు చాలాసేపు దాన్ని తిప్పితిప్పి చూసింది. సరైన డ్రైవరు, సరైన యాంప్లిఫయర్. మధ్యలో ఇంకేముంది? అప్పుడే వదిన షాపుకు వచ్చింది, మొహం గంటు పెట్టుకుని.

"మీ అన్నయ్యకి నామీద లెక్క లేకుండా పోయిందమ్మాయీ. సబ్బు తెమ్మంటే డబ్బుల్లేవంటారు. వంటింట్లోంచి గొంతు చించుకున్నా పలకరు. గోడతో కాపురం చేస్తున్నట్టుంది."

సబ్బుకీ డబ్బుకీ చెల్లెలికి నవ్వొచ్చింది. నవ్వేసింది కూడా. వదిన వెళ్ళాక ఆ సబ్బూ డబ్బూ మళ్ళీ గుర్తొచ్చి, చేతిలో డ్రైవరు పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున రిహార్సలుకు చెప్పకుండా వెళ్ళి హాలు మధ్యలో కూర్చుంది. స్టేజీమీద నటి ఏదో ఉత్తరం చదువుతోంది. ఆ గొంతు హార్న్‌లలోంచి వస్తుంటే గాజుపెంకు పలకమీద గీసినట్టుంది. ప్రతి 'స' చెవిలో సూది. నటి చదవడం ఆపి, చెయ్యి చెవికడ్డం పెట్టుకుని, సౌండు బల్ల వైపు చూసింది. అన్నయ్య ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు తల ఊపి, ట్రెబుల్ అనే సన్నశబ్దాల మీట ఇంకాస్త పెంచాడు. మొహంలో ఎంత శ్రద్ధో! సరిగ్గా కుదిరేదాకా వదలని పనివాడి శ్రద్ధ.

పాత యాంప్లిఫయర్ కనీసం ఎర్రలైటు వెలిగించి మొత్తుకునేది. కొత్తది ఎంత అడిగితే అంత, నోరెత్తకుండా ఇచ్చేస్తోంది.

ఆ మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి, చెల్లెలు ఒక హార్న్‌ను టెస్టు డబ్బాకి కలిపింది. "బాగుచేసింది చూద్దాం అన్నయ్యా. కళ్ళు మూసుకుని చెయ్యెత్తు. శబ్దం ఆగిపోగానే దించు."

"నాకే పరీక్షా?" అని నవ్వుతూ చెయ్యెత్తాడు.

ఆమె ఒక్కటే స్వరం పెట్టి, మెల్లగా పైకి తిప్పింది. ఈలలాంటిది సన్నబడి కీచుగా మారుతోంది. ఆమెకింకా పంటికింద ఇసుకలా వినపడుతూండగానే అన్నయ్య చెయ్యి దించేశాడు. కళ్ళు మాత్రం తెరవలేదు. ఆమె మీట వదల్లేదు. వదలడానికి చెయ్యి రాలేదు.

పక్క దుకాణంలోంచి దర్జీ కేకేశాడు. "అక్కా, ఆ కీచురాయిని ఆపు తల్లీ! పళ్ళు జివ్వుమంటున్నాయి!"

అన్నయ్య కళ్ళు తెరిచాడు. "ఏమంటున్నాడు?"

"ఆపమంటున్నాడు."

"ఏం ఆపాలి?"

ఆమె హార్న్ వైపు చూపించింది. అన్నయ్య హార్న్ దగ్గరికెళ్ళి దాని మూతిలో అరచెయ్యి పెట్టాడు. చెవి ఆనించాడు. రెండో చెవి ఆనించాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇంకా మోగుతోందా?"

"మోగుతోంది అన్నయ్యా."

"కట్టెయ్యి మరి. పాపం, దర్జీ."

ఆమె డబ్బా కట్టేశాక, "డ్రైవర్లు మందంగా పలుకుతున్నాయి, తయారీలోనే ఏదో లోపం అనుకున్నా," అన్నాడు. "అందుకే పెంచుకుంటూ పోయా. మీ వదినకి చెప్పకు."

చెప్పకుండా ఎలా కుదురుతుంది? చెవుల డాక్టరు దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు. ఏళ్ళతరబడి స్పీకర్ల ముందు నిలబడి లోపలి నరాలు చచ్చిపోయాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నది కూడా తగ్గుతుందని డాక్టరమ్మ నెమ్మదిగా, మొహంలోకి చూస్తూ చెప్పింది. చెవిలో పెట్టుకునే మిషనిచ్చింది. మాటలకు కొంత పనికొస్తుంది, పాటకు పనికిరాదంది. అన్నయ్య దాన్ని పెట్టుకుని హాలుకెళ్ళి, కాసేపటికే తీసి జేబులో వేసుకున్నాడు. రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుందట.

వదిన ఆసుపత్రి వరండాలోనే బెంచీమీద కూలబడింది. "అయితే నామీద కోపం కాదన్నమాట," అంది, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. మరుక్షణమే మొహం మారిపోయింది. "అలిగి నేనే మాట్లాడ్డం మానేశానమ్మాయీ. ఇన్నాళ్ళూ పలకరిస్తే కాస్తో కూస్తో వినపడేది కదా. ఆ రోజులన్నీ అలిగే గడిపేశాను."

చెల్లెలు వదిన పక్కన చేరి, చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆమె చేతనైనవన్నీ చేసింది. యాంప్లిఫయర్‌కు ముందు, శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని పరికరం బిగించింది. డ్రైవర్లు కాలడం ఆగిపోయింది. హాల్లో కూర్చుని అన్నయ్యకు చేత్తో సైగలు చేసింది, తగ్గించు, చాలు, ఇంకొంచెం అని. కొన్నాళ్ళు జరిగింది. కానీ నాటకంలో గొంతులు క్షణక్షణం మారతాయి, సైగ అందేలోపు మాట వెళ్ళిపోతుంది. ఒకనాటి ఆటలో మైకు కూత పెట్టింది. జనమంతా చెవులు మూసుకుని వెనక్కి తిరిగి చూస్తుంటే, అన్నయ్య కూడా అందరితోపాటు వెనక్కి తిరిగి చూశాడు, ఏమైందోనని.

మేనేజరు మంచివాడే. మర్నాడు షాపుకొచ్చి, బల్లమీది తీగెముక్కల్ని సర్దుతూ చాలాసేపు నసిగాడు.

"మాస్టారు విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందక్కా. ఆ కుర్చీలో మీరు కూర్చోండి. బయటివాణ్ణి పెడితే ఆయన తట్టుకోలేరు."

"నేను కూర్చుంటే తట్టుకుంటాడా?" అందామె.

అన్నయ్యే పంపించాడు. "నేర్పిందెందుకు? వెళ్ళు," అన్నాడు. మొదటి ఆటకు ఇస్త్రీచొక్కా వేసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. మీటల మీద ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. సగంలో వంగి, "ఎలా ఉంది?" అని అడిగాడు. గొంతు అదుపు తెలియక గట్టిగా అడిగేశాడు. ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు.

"బాగుంది," అని పెదాలు కదిపి చెప్పింది.

నిజంగానే బాగుంది. చివరి వరసదాకా ప్రతి మాటా శుభ్రంగా వెళ్తోంది. అన్నయ్య తలూపి, విరామంలో లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ హాలుకు రాలేదు.

చలి మొదలయ్యాక మేనేజరు లోతైన శబ్దాలు పలికే పెద్ద బేస్ స్పీకర్లు తెప్పించాడు. వాటికి యాంప్లిఫయర్ ఎంచుకోవాలి. లెక్క ఆమెకు తెలియక కాదు, అయినా కాగితాలు పట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళింది. వదిన తలుపు తీసి, నోటితో కాకుండా చేత్తో లోపలికి చూపించింది. ఇప్పుడా ఇంట్లో ఇద్దరూ అలాగే మాట్లాడుకుంటున్నారు, అవసరమైనంతవరకు.

అన్నయ్య మంచంమీద లేచి కూర్చుని, కాగితాలు తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. స్పీకర్ల భారం చూశాడు, శక్తి చూశాడు, యాంప్లిఫయర్ల వెనకవైపు అంకెలు వేలితో వరసగా తడిమాడు. ఒకదాని కింద గోటితో గీత గీశాడు.

"ఇది తీసుకో. లెక్క సరిపోతుంది."

"ఇదీ అదీ లెక్కకి ఒకటేగా అన్నయ్యా? పలకడంలో ఏది మెరుగంటావు?" అందామె, అతనికి కనపడేలా నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా విడదీస్తూ.

అతను అర్థమైనట్టే చూశాడు. కాగితాలు మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"అది నన్నడక్కు," అని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె అతను గీత గీసినదే తెప్పించింది. పెట్టె వచ్చిన రోజు మేనేజరూ, పనివాళ్ళూ చుట్టూ నిలబడి చూస్తుంటే తనే విప్పి, తనే తీగెలు కలిపి, స్విచ్చి వేసింది. బేస్ నేలలోంచి పైకొచ్చి అరికాళ్ళకు తగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మీట కాస్త తగ్గించి, తర్వాతి స్పీకరు తీగె అందుకుంది.