ఆగు, సాగు

పెద్దాయన రాత చదవగలిగింది యూనిట్ మొత్తం మీద చీమ ఒక్కతే. ఎప్పుడూ కాగితాలు మోసుకుంటూ తిరిగేదని ఆమెకా పేరు పెట్టింది కూడా ఆయనే. స్క్రిప్టు నచ్చితే మొదటి పేజీ మూల 'సాగు' అనీ, నచ్చకపోతే 'ఆగు' అనీ రాసేవాడు. ఆయన చేతిలో రెండూ కవలపిల్లలే. ఒకసారి కెమెరామన్ తప్పు చదువుకుని సామాన్లన్నీ సర్దేశాడు కూడాను.

"మొదటి అక్షరం తోక చూడాలి బాబాయ్! లోపలికి ముడుచుకుంటే ఆగు, పైకి లేస్తే సాగు" అని చీమ ఆరేళ్ళుగా అందరికీ చెబుతూనే ఉంది.

కామిక్ పుస్తకం నుంచి పెద్దాయన మలిచిన టీవీ సీరీస్‌ని రెండు సీజన్లపాటు జనం నెత్తిన పెట్టుకున్నారు. పుస్తకం చివర దీపాలు వెలిగించే అమ్మాయి చచ్చిపోతుంది. సీరీస్‌లోనూ చచ్చిపోయింది. మూడో సీజన్‌లో ఆ పిల్లని లేపమన్నాడు ఛానెల్ మేనేజరు. లేపనన్నాడు పెద్దాయన. ఆయన్నే కుర్చీలోంచి లేపేశారు.

కథ నుంచి ఎడిటింగ్ దాకా ఆఖరి మాట తనదే అయ్యే ఆ షోరన్నర్ కుర్చీ చీమకిస్తామన్నారు.

"గురువుగారు సరేనంటేనే చేస్తాను సర్" అంది చీమ. మేనేజరుకీ అదే కావాలి, పెద్దాయన దీవించాడని పత్రికలకు చెప్పుకోవచ్చు. ఆమె రాసిన మొదటి భాగాన్ని ఆయనకు పంపించారు.

జవాబొచ్చే రోజు పొద్దున్నే మొగుడు టీ పెట్టి తెచ్చాడు. పెళ్ళయి నలభై రోజులు.

"షోరన్నర్ గారూ, చక్కెర సరిపోయిందా?"

అసలు వెయ్యనేలేదు. అయినా ఆ పిలుపుకే నోరు తీపెక్కి, చీమ కప్పు అడుగుదాకా తాగేసింది.

ఆఫీసులో మేనేజరు కవరు చింపి, కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఆమె ముందుకు తోశాడు.

"ఇదేం కోడిగీతలమ్మా! ఏమంటాడు మహానుభావుడు?"

తోక లోపలికి ముడుచుకుని ఉంది. అంత శుభ్రంగా ఆయన ఎన్నడూ రాయలేదు. ఆమె కోసమే దిద్దినట్టుంది.

ఎదురుగా గాజు తలుపు మీద ఆయన పేరు పీకేసిన చోట జిగురు మరక ఇంకా పోలేదు. సరిగ్గా ఒక పేరు పట్టేంత మేర.

"సాగు" అంది చీమ.

మర్నాడు పేపర్లో వార్త పడింది. మధ్యాహ్నానికి ఫోన్ మోగింది.

"పేపరు చూశానమ్మా" అన్నాడు పెద్దాయన.

"గురువుగారూ, అదీ..."

"నా రాత ఎవరికీ అర్థం కాదని అంతా వెక్కిరిస్తే నవ్వేసేవాణ్ణి. చదివేదానివి నువ్వున్నావు కదా అని."

పెట్టేశాడు.

సాయంత్రం మొగుడు పచ్చరంగు పెన్నొకటి కొనుక్కొచ్చాడు. మూత తీసి చేతికిస్తూ, "ఏదీ, ఏదైనా రాసి చూడు" అన్నాడు. చీమ ఆ పేపరు అంచునే ఒత్తి ఒత్తి 'సాగు' అని రాసింది.

అతను ఆమె భుజం మీదుగా వంగి చూశాడు.

"అదేంటే, కొత్త పెన్నుతో మొట్టమొదటే 'ఆగు' అని రాశావు?"