గొడుగుల తాత చివరి నాలుగు నిమిషాలు

బాతు గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది. కత్తెరాయన చెయ్యి దానంతటదే కోత గుర్తు పెట్టే మీట మీదికి పోయింది. వేలు ఆనబోతుండగా గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ సినిమాని ఆయన సరిగ్గా అక్కడే కోస్తున్నాడు. ఇవాళ కొయ్యకూడదు.

ఉదయం ఏడున్నర. టీవీ స్టేషన్ రెండో అంతస్తులో కిటికీ లేని గది. ఒక తెర, ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఆయన ఒంటికి తగ్గట్టు నొక్కుకుపోయిన దిండు. ప్రసారమయ్యే ప్రతి సినిమా ముందుగా ఆయన చేతుల మీదుగా పోవాలి. ప్రకటనలు ఎక్కడ రావాలో, నిడివి ఎక్కడ తగ్గించాలో సెకన్లతో సహా కాగితం మీద రాసి కింది అంతస్తుకి ఇవ్వడం ఆయన ఉద్యోగం. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. సన్నటి మనిషి. గంటల తరబడి తెరలోకి వంగి వంగి మెడ ముందుకి సాగిపోయింది. ఆయన నవ్వు కూడా మూడు సెకన్లేననీ, మిగతాది కోసేస్తాడనీ ఆఫీసులో చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడు కూడా ఆయన మూడు సెకన్లే నవ్వాడు.

బడి సెలవులొస్తే చాలు, ఈ చానెల్‌లో గొడుగుల తాత కథే అరిగిపోయిన రికార్డులా తిరుగుతుంది. ఊరూరా తిరిగి గొడుగులు బాగుచేసే నత్తి తాత, ఆయన వెనకే నడిచే బాతు. పిల్లల పుస్తకం ఒకటే, సినిమాలు రెండు. నలుపు తెలుపులో తీసినది మొదటిది. రంగుల్లో తీసినది రెండోది. అందులో బాతు మాట్లాడుతుంది, చివర తాత ఊళ్ళోకి తిరిగొస్తే జనమంతా గొడుగులు తిప్పుతూ ఆడతారు.

ఆ రెండో సినిమా అంటే ఆయన అక్కకి ఒళ్ళు మంట. "బాతు మాట్లాడటమేంట్రా? మాట్లాడక్కర్లేదనే కదా ఆ నత్తివాడు బాతుని పెంచుకుంది!" అంటుంది, వేసిన ప్రతిసారీ. అన్నా కూడా వేసిన ప్రతిసారీ చూస్తుంది.

పుస్తకం అక్కకి బళ్ళో బహుమతిగా వచ్చింది. అప్పుడామెకి పదకొండేళ్ళు, తమ్ముడికి ఆరు. రోజుకో అధ్యాయం చదివి వినిపించేది. ఆఖరి అధ్యాయం రోజున పుస్తకం తెరిస్తే చివరి ఆకులన్నీ అట్టకట్టుకుని ఉన్నాయి. తడిసిపోయిందిరా, అంది. తర్వాత ఏమైందని వాడు ఏడిస్తే, తాత ఇంకో ఊరు వెళ్ళాడనీ, వానలు పడగానే వస్తాడనీ చెప్పింది. అమ్మ గురించి కూడా ఆ వారం అదే మాట చెప్పింది.

అమ్మ ఇక రాదన్నది వాడికి మెల్లగా తెలిసింది. తాత రాలేదన్నది మాత్రం ముప్ఫై ఒకటో ఏట, ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ఇదే కుర్చీలో తెలిసింది. సినిమా అయ్యాక మెట్ల మీదికి వెళ్ళి కాసేపు కూర్చున్నాడు. తడిస్తే ఆకులు ఉబ్బుతాయి, అంత నున్నగా అతుక్కోవు. మైదా జిగురు పూస్తే అతుక్కుంటాయి. పదకొండేళ్ళ పిల్ల ఒక్కతే కూర్చుని ఆకు ఆకుకీ పూసి ఉంటుంది.

మూడున్నరకి వార్తలు, సినిమా నాలుగు నిమిషాలు తగ్గించమని ఆ వారమే పైనుంచి కబురొచ్చింది. ఎక్కడ తగ్గించినా అడిగేవాడు లేడు. ఆయన చివర కోశాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్తే అక్క దుప్పటి మడత పెడుతూ, "మంచి చోట ఆపారురా," అంది. ముప్ఫై ఏళ్ళు హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి, ఇంట్లో కూడా అంచు కలవకపోతే ఊరుకోదు. ఆ పూట మాత్రం మడత వంకరగా వచ్చింది. ఇద్దరూ చూశారు, ఇద్దరూ ఏమీ అనలేదు. అలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి.

నిన్న సాయంత్రం ఆస్పత్రిలో అక్క ఆ మౌనాన్ని వదిలేసింది. కడుపులో జబ్బు, కోసినా లాభం లేదని డాక్టర్లు చేతులెత్తేశారు. మంచానికి ఎదురుగా గోడమీద టీవీ ఉంది. రేపు ఏది వేస్తున్నారని అడిగింది. రంగులదని చెప్పాడు.

"మొదటిది వెయ్యి. చివర కొయ్యకు."

ఆయన నీళ్ళ గ్లాసు సర్దాడు.

"నువ్వే కోస్తున్నావని నాకు తెలుసులే. పుస్తకంలో ఒక్క ముక్కలో తేల్చేశాడురా. తాత ఎలా పోయాడో చూడాలి నాకు. చూస్తే కాస్త తెలుస్తుంది కదా."



ఇప్పుడు, ఇరవై ఆరేళ్ళ తర్వాత, ఆ చివరి ముక్క రెండోసారి చూస్తున్నాడు. రైలు రాని స్టేషన్, ఎండ, బెంచీ. తాత గొడుగు తెరిచి బాతు మీద నీడ పడేలా పట్టుకున్నాడు. తర్వాత ఎవరినో పిలవబోయాడు. పెదాలు వణికాయి, మెడ నరాలు ఉబ్బాయి, మాట రాలేదు. కళ్ళలో భయం. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత తల వాలింది.

పిలవబోయిన ముక్క పదకొండు సెకన్లు. కత్తెరాయన దాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. నాలుగుసార్లూ చెయ్యి మీట మీదికి వెళ్ళింది. కొయ్యకు, అంది అక్క. వదిలేశాడు.

ఇక వేట మొదలైంది. చివర నాలుగు నిమిషాల పది సెకన్లు తిరిగి రావాలంటే, అంతే నిడివి ఇంకెక్కడో పోవాలి. ప్రకటనల జోలికి వెళ్తే ఉద్యోగం ఊడుతుంది. సంత పాటలో ఒక చరణం తీశాడు, యాభై సెకన్లు. బాతుల పందెంలో ఒక చుట్టు తీశాడు, ముప్ఫై ఐదు. తలుపు తీయడాలు, మెట్లు దిగడాలు, ఊరికే ఆకాశాలు. పది దాటేసరికి చెమట పట్టింది. పదకొండుంబావుకి లెక్క సరిపోయింది.

పదకొండున్నరకి ఆఫీసరమ్మ కాగితం చూసి ముఖం చిట్లించింది.

"మళ్ళీ ఆ నలుపు తెలుపు బాతా? పిల్లలు రంగుల బాతునే చూస్తున్నారండీ."

"రంగులదాంట్లో మూడో భాగం శబ్దం పోయిందమ్మా. బాతు నోరు కదుపుతుంది, మాట రాదు."

"అయితే నిజం బాతైపోయిందన్నమాట," అని నవ్వి సంతకం పెట్టింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూస్తే, ఇన్నాళ్ళ నిజాలని కూడా ఎవరూ పట్టించుకోలేదేమో అనిపించింది.

కింద ప్రసారం గదిలో స్విచ్చాయన ఉంటాడు. వేళకి సినిమా ఆపి ప్రకటనలు, ప్రకటనలు ఆపి సినిమా నడిపించడం అతని పని. పద్నాలుగేళ్ళ క్రితం అతనికి పని నేర్పింది కత్తెరాయనే.

"దీనికి కాగితం దేనికన్నా? నిద్రలో లేపినా కొడతాను. బాతు వెనక్కి చూడగానే..."

"ఇవాళ అక్కడ కాదు. ఇదిగో, కొత్త సమయం. ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. కాగితం చూసి కొట్టు."

"సరే అన్నా, సరే. అక్కకి ఎలా ఉంది?"

ఆయన అతని వేళ్ళకేసి చూశాడు. ఇక్కడే నిలబడితే చివరి ముక్క ప్రసారం కావడం ఖాయం. కానీ అక్క పక్కన ఎవరూ ఉండరు. రెండుచోట్లా ఉండటానికి తానేమైనా సినిమానా? ఒకటిన్నరకి బాతు తెరమీదికి రావడం చూసి, రెండింటికి సెలవు చీటీ పెట్టి రోడ్డెక్కాడు.

బస్సు వంతెన ముందు ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డంగా చచ్చిందట. రెండూ నలభై అయింది, రెండూ యాభై అయింది. దిగి నడిచాడు. యాభై ఏడేళ్ళ మనిషి పరుగుకీ నడకకీ మధ్య ఏదో చేస్తుంటే జనం తప్పుకుని దారిచ్చారు. ఆస్పత్రి మెట్లెక్కేసరికి మూడూ ఇరవై రెండు.

అక్క తలగడ ఎత్తు పెట్టించుకుని చూస్తోంది. చేతులు పుల్లల్లా దుప్పటి మీద ఉన్నాయి. మంచం పక్క స్టూలు మీద కళ్ళజోడు పెట్టె, దువ్వెన, ఆ పుస్తకం. ఈ బాతు తనకి నోటికొచ్చేసిందని పక్క మంచం పెద్దావిడ విసుక్కుంటోంది. అక్క ఆమెని ఊరుకోమని వేలితో సైగ చేసి, తమ్ముడికి కళ్ళతోనే చోటు చూపించింది.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. తెరమీద తాత గేటు దాటాడు. బాతు గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది.

సబ్బు ప్రకటన వచ్చింది.

స్నానం చేస్తున్న అమ్మాయి నవ్వుతోంది. ఆ తర్వాత పళ్ళపొడి. ఆ తర్వాత సిమెంటు. ఆయన లేచి నిలబడ్డాడు. చేసేదేమీ లేక నిలబడే ఉన్నాడు. జేబులో ఫోన్ వణికింది. స్విచ్చాయన గొంతు పీలగా ఉంది: బాతు తిరగ్గానే చెయ్యి కొట్టేసింది అన్నా, గడియారం చూసేసరికి ప్రకటనలు వరసపెట్టి అందుకున్నాయి, మధ్యలో ఆపడం కుదర్లేదు. అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. ఆ చెయ్యి తాను నేర్పిందే.

"మళ్ళీ కోశారా?" అంది అక్క.

"రేపు వేయిస్తానక్కా."

"రేపటిదాకా ఎవరుంటారు. నువ్వు చూశావు కదా, చెప్పు."

ఆయన కూర్చుని గొంతు సవరించుకున్నాడు. తాత స్టేషన్లో కూర్చున్నాడనీ, ఇంతలో వాన మొదలైందనీ, ఊళ్ళోవాళ్ళంతా గొడుగులేసుకుని ఎదురొచ్చారనీ చెప్పుకొచ్చాడు.

"అది రెండో సినిమా," అంది అక్క కళ్ళు మూసుకునే. "నాకే చెప్తావురా ఈ కథ? నీకు చెప్పింది నేను."

ఆయన తల వంచుకున్నాడు. ఈసారి మెల్లగా మొదలెట్టాడు. రైలు రాని స్టేషన్. ఎండ. బెంచీ. గొడుగు తెరిచి బాతు మీద పట్టుకున్నాడు.

"తన మీద కాదా?"

"కాదు. బాతు మీదే."

"పాట ఉందా వెనకాల?"

"ఏమీ లేదు."

"మరి తర్వాత?"

తర్వాత పదకొండు సెకన్లు. తాత పెదాలు ఆయన కళ్ళముందు వణికాయి. అక్క చెయ్యి ఆయన చేతిలో చల్లగా ఉంది.

"తర్వాత... తల వాల్చాడు. ఎండకి కునుకు పట్టినట్టు. అంతే."

"నొప్పేమీ పడలేదా?"

"లేదు."

"ఎవరినీ పిలవలేదా?"

"అవసరం లేకపోయిందక్కా."

"ఏమీ కొయ్యలేదు కదా?" అంది అక్క.

"లేదు."

టీవీలో వార్తలు మొదలయ్యాయి. ఎక్కడో ఏదో ప్రారంభించారు, ఎవరో చప్పట్లు కొట్టారు. అక్క పెదాలు ఒకసారి కదిలాయి. ఆయన చెవి దగ్గరగా పెట్టాడు. మాటేమీ రాలేదు. మెడలో నరం ఒకటి ఉబ్బింది. కళ్ళు తెరిచి తమ్ముడికేసి చూసింది. మళ్ళీ పెదాలు కదిలాయి. ఆయన లెక్కపెట్టకూడదనుకున్నాడు గానీ, అలవాటు ఊరుకుంటుందా, సెకన్లు వాటంతటవే లెక్కకొచ్చాయి. ఏడు దగ్గర ఆగిపోయింది.

పక్క మంచం పెద్దావిడే ముందు గమనించి టీవీ గొంతు తగ్గించింది.

నర్సమ్మ వచ్చి నాడి చూసి, దుప్పటి పైదాకా కప్పి, కాగితాల మీద సంతకం కావాలంది. దుప్పటి అంచు వంకరగా పడింది. ఆయన సరిచేశాడు. తర్వాత స్టూలు మీది పుస్తకం తీసి తెరిచాడు. చివరి ఆకుల మధ్య గోరు పెట్టి చూశాడు. దిగలేదు. గట్టిగా లాగితే చిరుగుతుంది. అలాగే తెరిచి స్టూలు మీద పెట్టి, నర్సమ్మ వెనక నడిచాడు.

ఫ్యాన్ గాలికి పుస్తకంలో ఆకులు ఒక్కొక్కటే లేచి పడుతున్నాయి, చివర అతికినవి తప్ప.